చెరి రెండంకెలు

పెద్దామె పోయిందని చిన్నామె ఫోన్ చేసినప్పుడు నేను నా అంగట్లో కూర్చొని కాశీ యాత్రకు పేర్లు రాసుకుంటున్నాను. "అక్క పోయిందప్పా" అని ఒక్క మాట అని పెట్టేసింది. ఎదురుగా ఉన్న దంపతులు మాత్రం కిటికీ పక్క సీటు కావాలని ఇంకా పట్టుబడుతూనే ఉన్నారు. నాకు ఒళ్లు మండింది. మా బస్సులో నేపాల్ దాకా వచ్చి, కిటికీ సీటు చేతిలో పెట్టినా అందులో కుదురుగా కూర్చోని మనిషి పోయింది. వీళ్లకేమో సీటు గొడవ.

పావగడ బస్టాండు పక్కన నాకు టికెట్ల అంగడి ఉంది. ఏటా ఒక బస్సు మాట్లాడి, వంటమనిషిని వెంటబెట్టుకొని జనాన్ని యాత్రకు తీసుకుపోతుంటాను. ఎందరో వచ్చారు, పోయారు. చాలామంది ముఖాలు కూడా గుర్తులేవు. ఈమెను మాత్రం మర్చిపోదామన్నా కుదరడం లేదు.

పేరు రాయను. రాసినా వాళ్ల ఊరు రాయచెర్లులో సగం మంది గుర్తుపట్టరు. ఊరికి ఆమె పెద్దామె, ఆమె తోడికోడలు చిన్నామె. అన్నదమ్ములిద్దరినీ చేసుకున్నారు. మొగుళ్లిద్దరూ పోయాక ఒకే వీధిలో వేరే వేరే ఇళ్లలో ఉండేవాళ్లు. ఒకరి గడప ఒకరు తొక్కేవాళ్లు కాదు.

పెద్దామె కూర్చోగా నేను చూసింది తక్కువ. గొంతుకూర్చునేది, మడమలు నేలకు ఆనీ ఆనకముందే లేచేది. లేచి పోయేది ఎక్కడికీ కాదు, ఊరికే వాకిలి దాకా. అక్కడ నిలబడి రోడ్డుకు అటూ ఇటూ చూసి మళ్లీ వచ్చేది. చూసేవాళ్లకు తల తిరిగేది.

"కాసేపు కూసోమ్మా" అనేవాణ్ణి.

"కూసుంటే ఏమొస్తాదప్పా, కాళ్లు మొద్దుబారేది తప్ప."

గొర్రెలు కాసిన కాళ్లు అవి. సోలార్ ప్లేట్లు వచ్చి వాళ్ల చేను కంచె లోపలికి పోయాక మేపడానికి బీడు మిగల్లేదు. మంద అమ్మేశారు. అయినా పొద్దున్నే కర్ర పట్టుకొని ఆ కంచె వెంబడి నడిచేదట. ప్లేట్లు తుడిచే కూలోళ్లు నవ్వుకునేవాళ్లు. ఏం చూసేదానికి పోతావమ్మా అని నేనూ ఒకసారి అడిగాను. "నాకేం తెల్దప్పా" అంది. ఏది అడిగినా ముందు ఆ మాటే అనేది. తీరా చూస్తే ఏ సర్వే రాయి ఏ ప్లేటు కింద పడిందో, కంచెలో ఏ మూల తీగ వదులైందో అంతా ఆమెకే తెలుసు. చేనుకు సోలార్ కంపెనీ ఇచ్చే అద్దె ఖాతాలో పడుతోంది కదా, హాయిగా ఇంట్లో ఉండొచ్చు కదా అంటే, "హాయిగా ఉండేదానికి చాతగాదప్పా నాకు" అనేది. ఇది మాత్రం నిజం.

అద్దె దగ్గరే ఉంది అసలు సంగతి. భూమి భాగాలు కాలేదు. పెద్దామె పేరున ఉన్న ఖాతాలో మొత్తం పడేది. మంద అమ్మినప్పుడు అక్క తనకు తక్కువ ముట్టజెప్పిందని చిన్నామె మనసులో గట్టిగా నాటుకుంది. ఇక ఏటీఎం కార్డు కూడా ఆమె చేతిలోనే ఉంటే తన గతేం కావాలని వీధిలో నిలబడి అరిచింది. పెద్దామె వాదించలేదు. కార్డు నా దగ్గరుంటుంది, దాని పిన్ నంబరులో ముందర రెండంకెలు నావి, వెనక రెండు నీవి, ఒకరివి ఒకరికి చెప్పుకోవద్దు అంది. చిన్నామె ఒప్పుకుంది. ఇట్లాంటి ఏర్పాటు ఆ బ్యాంకువాళ్లు కలలో కూడా విని ఉండరు.

ఏటీఎం నా అంగడి పక్కనే కాబట్టి ఆ భాగోతం నేను చాలాసార్లు చూశాను. ఇద్దరూ షేర్ ఆటోలో దిగేవాళ్లు. ముందు పెద్దామె లోపలికి పోయి కార్డు పెట్టి తన రెండూ నొక్కి పక్కకు జరిగేది. చిన్నామె కొంగు తల మీంచి లాక్కొని, మీటల మీద గుడారం వేసి, తనవి నొక్కేది. ఈలోపు యంత్రానికి ఓపిక నశించి కార్డు బయటికి తోసేది. మళ్లీ మొదలు. వెనక వరుసలో ఉన్నవాళ్లు విసుక్కుంటే పెద్దామె వాళ్ల మీదే విరుచుకుపడేది. "మా దుడ్లు మేము తీసుకుంటే నీకేంది కష్టం?" డబ్బు చేతికొచ్చాక నా అంగడి మెట్టు మీదే చెరిసగం పంచుకొని, చిన్నామె పూల అంగడి వైపు, పెద్దామె బస్టాండులోకి. మళ్లీ ఆటో దగ్గర కలుసుకోవడమే. దీనికంటే రెండు ఖాతాలు తెరుచుకోవచ్చు కదా అని చెప్పి చూశాను. "నాకేం తెల్దప్పా" అంది పెద్దామె.

నేపాల్ యాత్ర అనుకున్న ఏడాది, పేర్లు ఇచ్చినవాళ్లందరినీ అంగడి ముందు కూర్చోబెట్టి నేను గట్టిగా పాఠం చెప్పాను. పేరుకు పక్క దేశమే అయినా అది పరాయి దేశం. మన అయిదువందల నోట్లు అక్కడ తీసుకోరు, వందలు తెచ్చుకోండి. ఫోన్లో స్కాన్ చేసి ఇచ్చే అలవాటు అక్కడ పనికిరాదు, మన సిమ్ పలకదు. కార్డు తెచ్చుకునేవాళ్లు బయటిదేశంలో పనిచేసేట్టు ముందే బ్యాంకులో చెప్పి తెరిపించుకోండి. నగదూ కార్డూ ఒకే సంచిలో పెట్టుకోవద్దు. అందరూ తలలూపారు. ఊపిన తలల్లో ఒక్కటి తప్ప ఏదీ వినలేదని సరిహద్దు దాటాక తెలిసింది.

ఆ ఒక్కటీ పెద్దామెది. మర్నాడే చిన్నామెను లాక్కొని బ్యాంకుకు పోయి కార్డు తెరిపించుకొని వచ్చింది. యాత్రకు చిన్నామె ఎందుకంటారా? కార్డు ఊళ్లో వదిలిపోతే ఎవరింట్లో వదలాలన్న తగువు తెగలేదు. కార్డు తీసుకుపోతే చిన్నామె లేకుండా అది వట్టి అట్టముక్క. కాబట్టి ముగ్గురూ బయలుదేరారు, కార్డుతో కలిపి.

డబ్బు దాచుకోవడం ఆమె దగ్గర చూడాలి. చిల్లర వక్కాకు సంచిలో, వందలు కొన్ని రవిక లోపలి జేబులో, కొన్ని లోపావడా అంచులో కుట్టి. కార్డుకు ఒక చిన్న గుడ్డసంచి కుట్టి నల్లదారంతో మెడలో వేసుకుంది. "దొంగ నా కొడుకు వస్తే ఒక్క తావే దొరకాల, మిగిలిందాంతో నేను ఇల్లు జేరాల" అంది. దారి పొడుగునా ఆమె చెయ్యి నిలిచేది కాదు. మెడ తడుముకునేది, రవిక తడుముకునేది, అంచు తడుముకునేది. టీకి బస్సు ఆగితే అందరికంటే ముందు దిగేది, అందరూ ఎక్కారా అని కిందనే నిలబడి మంద చూసుకున్నట్టు చూసుకొని చివరికి ఎక్కేది. ఆ పని నాది. నాకు కోపం వచ్చేది. ఒకసారి మాత్రం వంటమనిషిని వదిలేసి బయలుదేరుతుంటే బస్సుకు అడ్డం నిలబడింది, అప్పటి నుంచి నోరు మూసుకున్నాను.

సునౌలి దగ్గర సరిహద్దు దాటాం. అంతమందికి పాఠం చెప్పిన నేను, నా కార్డును అక్కడి యంత్రంలో పెట్టాను. అది మింగేసి మళ్లీ ఇవ్వలేదు. సిమ్ పలకదు, బ్యాంకుకు చెప్పుకునే దారి లేదు. అవమానంతో ఎవరికీ చెప్పకుండా ఉందామనుకున్నాను. పెద్దామె చూడనే చూసింది. "నీది పాయనా?" అని మాత్రం అడిగి, మెడలో సంచి ఒకసారి తడుముకొని నడిచింది.

నేపాలీ నోట్లు మార్చుకున్నాక అందరూ వాటి మీద రాత చదవలేక తికమకపడుతుంటే, ఈమె వెనక్కి తిప్పి బొమ్మలు చూసింది. అవి మేసే జీవాలూ వాటిని తినే జీవాలూ. ఇంక ఆమెకు రాత అవసరం లేకపోయింది. "పులి నోటు ఇస్తి. వాడు ఒంటికొమ్ము ఎనుములు రెండిచ్చినాడు, ఇంగొకటి రావాల" అని పోఖరాలో గాజుల అంగడివాణ్ణి నిలదీసింది. వాడికి ఒక్క ముక్క అర్థం కాలేదు, కానీ ఖడ్గమృగం నోటు ఇంకొకటి తీసిచ్చాడు. బస్సులో ఆడవాళ్లంతా ఆ రోజు నుంచి లెక్క ఆమెతోనే చూపించుకున్నారు. చిన్నామె ఒక్కతే చూపించుకోలేదు. తన నోట్లు తనే తిప్పి తిప్పి చూసుకుంటూ వేరే సీట్లో కూర్చునేది.

ముక్తినాథ్‌కు జీపుల్లో పోయాం. పైన గాలి పలచన, చలి ఎముకల్లోకి దిగుతుంది. గుడి వెనక మంచునీళ్లు పడే నూట ఎనిమిది ధారల కింద తడవాలని మావాళ్లు ముందే అనుకొని వచ్చారు. వద్దంటే ఎవరు వింటారు? చిన్నామె అన్ని ధారల కిందా తడిసింది. బయటికి వచ్చాక ఊపిరి అందలేదు. పెదాలు నల్లబడ్డాయి, ఒళ్లు జ్వరంతో కాగుతోంది. చూపు నిలవడం లేదు, మాట్లాడబోతే గొణుగుడే వస్తోంది. జీపులో కిందికి దించుకొని వస్తుంటే పెద్దామె ఆమె తల ఒళ్లో పెట్టుకొని డ్రైవర్ వీపు మీద చేత్తో తడుతూనే ఉంది. వాడు తెలుగు తెలియని మనిషి. "పోనీ నాయనా, పోనీ" అని దారంతా అంటూనే ఉంది.

పోఖరా ఆసుపత్రిలో ఆక్సిజన్ పెట్టారు. ఊపిరితిత్తుల్లో నీరు చేరినట్టుందనీ, లోపలి వార్డులో ఉంచి చూడాలనీ, దానికి ముందుగా కొంత కట్టాలనీ చెప్పారు. బస్సులో అందరినీ అడిగాను. వందలున్నవాళ్లు ఇచ్చారు, పాపం ఎవరూ దాచుకోలేదు. కానీ చాలామంది దగ్గర అవే అయిదువందలు, డబ్బాల్లో పిండివంటల కింద మడతపెట్టి తెచ్చుకున్నవి. వద్దని మొత్తుకున్నాను కదా అని అరిచాను. అరిస్తే నోట్లు మారతాయా? ఎంత పోగేసినా కట్టాల్సిన దాంట్లో సగానికి రాలేదు. నా కార్డు యంత్రం పొట్టలో ఉంది. లాడ్జి ఫోన్ నుంచి ఊరికి చెబితే మా ఇంటివాళ్లు నా ఖాతాలో వేస్తామన్నారు. వేస్తే తీసేది దేంతో? మనిషిని తీసుకొచ్చింది నేను. శవాన్ని తీసుకుపోవాల్సి వస్తే ఏ ముఖంతో పావగడలో దిగాలి?

"యాడుండాది ఆ మిషను?" అంది పెద్దామె.

ఆసుపత్రి గేటు పక్కనే ఉంది. ఆమె నడక అందుకోవడానికి నేను పరుగెత్తాల్సి వచ్చింది. లోపలికి పోయాక మెడలోంచి సంచి తీసి, కార్డు బయటికి లాగింది. అప్పుడు గుర్తొచ్చింది నాకు. వెనక రెండంకెలు లోపల మంచం మీద ఉన్నాయి, ఆక్సిజన్ మాస్కు కింద.

"అమ్మా, వెనకవి నీకు తెలియవు కదా. తప్పు నొక్కితే నా కార్డులాగే ఇదీ పోతుంది. కాసేపు ఆగుదాం, ఆమెకు తెలివొస్తే అడుగుదాం."

"తెలివి రాకుంటే?" అంది.

ఆమె కార్డు పెట్టింది. తెర మీద ఇంగ్లీషు నన్ను చూడమంది, నేను నొక్కాల్సినవి నొక్కాను. అంకెల దగ్గరికి వచ్చేసరికి నన్ను మోచేత్తో పక్కకు జరిపి, తన రెండూ నొక్కింది. ఆగలేదు. ఆ వెంటనే ఇంకో రెండు నొక్కింది. ఆలోచించినట్టు కూడా లేదు. ఇంట్లో దీపం మీట వేసినంత మామూలుగా నొక్కింది. యంత్రం లోపల గరగరమంది. పులులూ ఏనుగులూ బయటికొచ్చాయి.

ఆమె నోట్లు నా చేతిలో పెట్టి, కార్డు మెడలో వేసుకొని, అప్పుడు నా వైపు చూసింది.

"దానికి చెప్పొద్దు నాయనా."

"ఎప్పటి నుంచి తెలుసమ్మా?"

"మొదుటి తూరే తెలిసె. అది కొంగు కప్పుకొంటాది, మోచెయ్యి కప్పుకోదు. జీవం యాడికి పోతాదో దాని ఎనక కాలు చూస్తే తెల్దా నాకు?"

"మరి ఇన్నేళ్లూ ఒక్కదానివే వచ్చి తీసుకోవచ్చు కదా. ఆమెను ఎందుకు తిప్పడం?"

ఆమె గుమ్మం దాటి ఒక కాలు బయట పెట్టింది. ఆసుపత్రి వైపు చూస్తూనే చెప్పింది. "చేనుంటే చేన్లో కలుస్తాంటిమి. మందుంటే మందకాడ కలుస్తాంటిమి. ఇప్పుడేముండాది? ఆ రెండంకెల కోసరమన్నా నెలకో తూరి నా పక్కన ఆటోలో కూసుంటాది. నాకు తెలుసని తెలిస్తే దొంగంటాది. మళ్లా నాతో రాదు."

అని గబగబా పోయింది. నేను డబ్బు పట్టుకొని వెనకే పోయాను. ఏడుపు వచ్చింది, దాచుకోలేదు.

చిన్నామె బతికింది. మాట తెలివిగా వచ్చిన పూట మొదట అడిగింది నీళ్లు కాదు. "దుడ్లు ఎవురు కట్టిరి?" అంది. పెద్దామె ముందే సిద్ధం చేసుకున్నట్టుంది. "కార్డులో తీస్తి. నువ్వే గదే చెప్పినావు, జరంలో గొణుగుతా, ఎనక రెండూ." చిన్నామె ముఖం పాలిపోయింది. గోడ వైపు తిరిగి పడుకుంది. "నావంటూ ఉండేవే అవి రెండు, అవీ పాయ" అని ఏడ్చింది. ప్రాణం దక్కినందుకు సంతోషించాల్సిన మనిషి అట్లా ఏడుస్తుంటే నాకు చిర్రెత్తుకొచ్చి నిజం చెప్పేద్దామనిపించింది. పెద్దామె నా వైపు ఒక్క చూపు చూసింది. ఊరుకున్నాను.

"ఊరికి పోతానే మార్చుకుందాం లేవే" అంది ఆమె, మంచం చుట్టూ తిరుగుతూ. "కొత్తవి పెట్టుకో. నాకు చెప్పొద్దు."

పావగడలో దిగిన మర్నాడే వచ్చారు. పిన్ మార్చడం మాకు తెలియదని నన్ను తోడు పిలిచారు. పెద్దామె తన రెండూ నొక్కి బయటికొచ్చి, యంత్రానికి వీపు పెట్టి రోడ్డు వైపు తిరిగి నిలబడింది. లోపల చిన్నామె తడబడింది, రెండోసారి నొక్కమని యంత్రం అడిగింది, మళ్లీ ఇద్దరూ చోటు మార్చుకున్నారు. పెద్దామె మళ్లీ రోడ్డు వైపే తిరిగింది. కాళ్లు నిలవడం లేదు, ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదికి బరువు మార్చుకుంటోంది. కర్ర పట్టుకున్న చెయ్యి బిగుసుకుపోయి ఉంది. పని అయ్యాక చిన్నామె పూల అంగడికి పోతే నా పక్కకు వచ్చింది.

"ఈ తూరి చూడల్యా నాయనా. మెడ పట్టేసినట్టాయ, చూడకుండా ఉండేదానికి" అంది.

ఆ తర్వాత కూడా ఎప్పట్లాగే వచ్చేవాళ్లు. చివరి రోజుల్లో పెద్దామెకు కాళ్లు వాచాయి. అయినా ఆటో దిగి యంత్రం దాకా ఎవరి చెయ్యీ పట్టుకోకుండా నడిచేది. ఆమె పోయినప్పుడు నేను రాయచెర్లు పోయాను. సొంత చేను కంచె లోపల ఉంది కాబట్టి వంక గట్టున పూడ్చారు. జనం ఎక్కువమంది లేరు. చిన్నామె ఏడవలేదు. పొద్దంతా అక్కడికీ ఇక్కడికీ తిరుగుతూ, ఒకచోట నిలవకుండా, ఏదో పోగొట్టుకున్నట్టు వెతుకుతూనే ఉంది.

కొన్నాళ్లకు ఖాతా పని మీద బ్యాంకుకు వచ్చి, నా అంగడి మెట్టు మీద కూర్చుంది. ఒక్కతే వచ్చింది. కొత్త కార్డు ఇస్తామన్నారట, నాలుగంకెలూ నువ్వే పెట్టుకో అన్నారట. ఆ మాట చెప్పి అడిగింది.

"నేపాల్లో జరంలో నేను నిజంగా అంకెలు చెప్పినానాప్పా? నాకెప్పుడూ నమ్మకం కాలే."

దానికి చెప్పొద్దు అని పెద్దామె అన్నది, చెబితే చిన్నామె మళ్లీ తనతో రాదన్న భయంతో. ఇప్పుడు ఎవరితో రావాలి, ఎక్కడికి రావాలి? చెప్పేశాను. నువ్వు ఏమీ చెప్పలేదమ్మా, ఆమెకు మొదటి రోజు నుంచే తెలుసు, ఇన్నేళ్లలో ఒక్క రూపాయి ఒంటరిగా తీయలేదు అన్నాను. మోచెయ్యి సంగతి చెప్పాను. ఆటో సంగతి కూడా చెప్పాను.

చిన్నామె చాలాసేపు ఏటీఎం తలుపు వైపే చూసింది. తర్వాత కొంగుతో ముఖం తుడుచుకుంది.

"నా ఆటో చార్జీ కూడా ప్రతి తూరీ ఆమే ఇస్తాండెప్పా" అంది. "కార్డు తన దగ్గరుండాదని గొప్పకు ఇస్తాందనుకుంటి నేను."